టేకాఫ్‌లో 200 అడుగుల ఎత్తున పవర్ పడిపోయింది, మెకానిక్ "ఏమీ లేదు" అంటున్నాడు. మళ్ళీ ఎగరొచ్చా?

ఫ్రిస్కో_స్కైహాక్

మేం నలుగురం కలిసి కొనుక్కున్న 1978 మోడల్ సెస్నా 172ఎన్ ఒకటి ఉంది. డాలస్‌కి ఉత్తరాన ఒక ఎయిర్‌పోర్టులో పెడతాం, రన్‌వే 7000 అడుగులు. మొన్న ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావమరిదిని ఎక్కించుకుని బయల్దేరాను. రనప్‌లో (టేకాఫ్ ముందు ఇంజిన్ పరీక్షలో) అన్నీ మామూలే. 1700 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర మాగ్నెటోలు (ప్లగ్గులకి నిప్పురవ్వ ఇచ్చేవి) చూస్తే ఒకటి 75, ఇంకొకటి 90 తగ్గాయి. కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కి వేడిగాలి పంపే నాబ్) లాగితే తగ్గాల్సినంత తగ్గింది. ఫుల్ థ్రాటిల్ ఇచ్చాక సూదులన్నీ పచ్చగీతలోనే ఉన్నాయి.

దాదాపు 200 అడుగులకి చేరాక ఇంజిన్ చప్పుడు మారిపోయింది. ఆగిపోలేదు. 2400 దగ్గర ఉండాల్సిన ఆర్‌పీఎం 1900కి జారింది, ప్యానెల్ అంతా గజగజ వణకడం మొదలెట్టింది. ముక్కు దించాను. ఎదురుగా ఇంకా బోలెడు రన్‌వే కనిపిస్తోంది. థ్రాటిల్ పూర్తిగా లాగేసి (అంటే పవర్ తీసేసి), రెక్కల వెనక ఉండే ఫ్లాప్స్ 40 డిగ్రీల దాకా దించేసి దిగిపోయాను. చివర్లో కొంత రన్‌వే మిగిలింది కూడా. బావమరిదికి ఏమీ అర్థం కాలేదు, "అప్పుడే అయిపోయిందా బావా?" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. మెకానిక్ కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) విప్పాడు, ప్లగ్గులు చూశాడు, మాగ్నెటో టైమింగ్ చూశాడు, కార్బ్యురేటర్ బౌల్ డ్రెయిన్ చేశాడు, పెట్రోల్లో నీళ్ళు లేవు. విమానాన్ని కట్టేసి ఫుల్ థ్రాటిల్ పెడితే 2330 వచ్చింది, ఎంతసేపు నడిపినా తేడా లేదు. లాగ్‌బుక్కులో "లోపం కనపడలేదు, గ్రౌండ్ రన్ సరిగా ఉంది" అని రాసి సంతకం పెట్టేశాడు. ఆ రోజు ఉష్ణోగ్రత 14 సెల్సియస్, డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) 12. కాబట్టి కార్బ్ ఐసే (కార్బ్యురేటర్‌లో మంచు పేరుకోవడమే) అని మా పార్ట్‌నర్ ఒకరు తేల్చేశారు. ఆయన శనివారం భార్యాపిల్లలతో ఆస్టిన్ వెళ్ళాలని బుక్ చేసుకుని ఉన్నారు.

నాకు మనసు ఒప్పట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

చెరోకీ_నాని

14, 12 అంటే కార్బ్ ఐస్‌కి పెట్టింది పేరు. టాక్సీలో చాలాసేపు ఐడిల్ మీద ఉన్నావా? అప్పుడే పేరుకుని ఉంటుంది. టేకాఫ్ ముందు ఒకసారి ఎక్కువసేపు హీట్ లాగి పెడితే సరిపోయేది. నేనైతే ఎగురుతా.

ఎడారి_ఇన్‌స్ట్రక్టర్

అందరికంటే ముందు ఒక మాట. మీరు చేసింది చాలా బాగా చేశారు. సగం పవర్ ఉండగా థ్రాటిల్ లాగేయడానికి చెయ్యి రాదు చాలామందికి. ఎదురుగా రన్‌వే ఉన్నప్పుడు అదే సరైన పని.

రెంచీ_బాబాయ్

ఓహాయోలో ఏ అండ్ పీ (విమానం బాడీ, ఇంజిన్ రెండిటికీ లైసెన్సున్న) మెకానిక్‌ని. తనిఖీ చేసే ఇన్‌స్పెక్షన్ ఆథరైజేషన్ కూడా ఉంది. పొద్దుట్నుంచి రాత్రిదాకా ఇవే ఇంజిన్లు నా చేతుల్లో.

నాని, కార్బ్ ఐస్ కాదని నేను అనను. పెట్రోల్ ఆవిరయ్యే చోట, గాలి సన్నటి గొంతులోంచి దూరే చోట ఉష్ణోగ్రత 60, 70 ఫారెన్‌హీట్ డిగ్రీలు పడిపోవచ్చు. బయట 38 సెల్సియస్ ఎండ ఉన్నా, తేమ 50 శాతమే ఉన్నా ఐస్ కట్టొచ్చని ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) పుస్తకంలోనే ఉంది. అయితే కారణం దొరకని ప్రతిసారీ "కార్బ్ ఐస్" అని రాసేయడం మా వృత్తిలో పెద్ద జబ్బు. ఎందుకంటే అది కరిగిపోతుంది, సాక్ష్యం అడిగేవాడు ఉండడు. ఐస్ అయితే సాధారణంగా ఆర్‌పీఎం మెల్లగా దిగుతుంది. ఇక్కడ ఒక్కసారిగా 500 పోయి వణుకు పుట్టింది. ఐస్ అని ఒప్పుకునే ముందు మిగతావన్నీ ఒక్కొక్కటిగా కొట్టేయాలి.

ఫ్రిస్కో, నాలుగు సంగతులు చెప్పు. దిగాక టాక్సీలో వణుకు ఉందా పోయిందా? ప్రైమర్ (స్టార్ట్‌కి ముందు పెట్రోల్ కొట్టే చేతి పంపు) లోపలికి నొక్కి లాక్ చేసి ఉందా? పొద్దున మొదటి స్టార్ట్‌లో ఎప్పుడైనా ఒక సిలిండర్ కొట్టుకోకుండా గరగరలాడి, వేడెక్కాక సర్దుకోవడం ఉందా? సిలిండర్లకి కంప్రెషన్ చెక్ చేశాడా, బోరోస్కోప్ (లోపలికి దూర్చే సన్నటి కెమెరా) పెట్టాడా?

ఫ్రిస్కో_స్కైహాక్

బాబాయ్, థ్రాటిల్ తీసేశాక వణుకు చాలావరకు పోయింది. టాక్సీలో దాదాపు మామూలుగానే నడిచింది. ప్రైమర్ లాక్ చేసే ఉంది, దిగాక చెయ్యి పెట్టి చూశాను. పొద్దున గరగర ఎప్పుడూ లేదు. కంప్రెషన్ చూశాడు, నాలుగూ బాగున్నాయన్నాడు. బోరోస్కోప్ పెట్టలేదు.

సీపీఎల్_కుర్రాడు

మహారాష్ట్రలో ఒక స్కూల్లో ట్రైనింగ్‌లో ఉన్నాను. మావి 172ఎస్‌లు, ఫ్యూయల్ ఇంజెక్షన్ కాబట్టి కార్బ్ హీట్ అనేదే లేదు. పొద్దున పెట్రోల్లో నీళ్ళున్నాయేమో 13 చోట్ల డ్రెయిన్ చేసి చూడటమే పెద్ద పని, రెక్కకి అయిదు, కింద మూడు.

డౌట్ ఏంటంటే, ఇంజిన్ ఇంకా 1900 తిరుగుతోంది కదా, మెల్లగా తిప్పి వెనక్కి వచ్చి దిగొచ్చు కదా? పూర్తిగా ఆగిపోతేనే కదా తిరగకూడదు అంటారు?

మెల్‌బోర్న్_మబ్బు

తమ్ముడూ, ఈ ప్రశ్న అడిగినందుకు థ్యాంక్స్. చాలామంది మనసులో ఉండేది ఇదే, అడగరు.

ఇక్కడ ఆస్ట్రేలియాలో ప్రమాదాల దర్యాప్తు చూసే ఏటీఎస్‌బీ ఈ విషయం మీదే ఒక రిపోర్టు వేసింది. 2000 నుంచి 2010 మధ్య సింగిల్ ఇంజిన్ విమానాల్లో టేకాఫ్ తర్వాత పవర్ కొంత పోయిన ఘటనలు 242 వాళ్ళ దగ్గరికి వచ్చాయి. వాటిలో 9 ప్రాణాలు పోయిన ప్రమాదాలు. అదే కాలంలో ఇంజిన్ పూర్తిగా ఆగిపోయినవి 75. వాటిలో ప్రాణం పోయినది ఒక్కటీ లేదు.

మళ్ళీ చదువు. పూర్తిగా ఆగిపోయిన వాళ్ళు బతికారు. సగం ఆగిన వాళ్ళలో కొందరు పోయారు. ఇంజిన్ ఆగిపోతే చేయడానికి ఒక్కటే పని, ముక్కు దించి ఎదురుగా దిగడం. సగం మిగిలితే ఆశ పుడుతుంది. వెనక్కి వెళ్దాం, ఎత్తు పోకుండా చూద్దాం అని యోక్ (స్టీరింగ్ లాంటిది) లాగుతారు, స్పీడ్ పోతుంది, తిప్పుతుండగా స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు విమానాన్ని మోయలేవు.

చెరోకీ_నాని

9 బై 242 అంటే చాలా తక్కువ కదా. అంటే ఎక్కువమంది వెనక్కి వచ్చి క్షేమంగా దిగారనే కదా అర్థం?

మెల్‌బోర్న్_మబ్బు

నిజమే, ఎక్కువమంది క్షేమంగానే దిగారు. తిరగడమే తప్పని ఆ రిపోర్టు కూడా అనదు. బయల్దేరకముందే ఆలోచించి పెట్టుకోమంటుంది. పవర్ సగం పోతే ఏ ఎత్తు దాకా ఎదురుగానే దిగుతాను, ఎక్కడ దిగుతాను, ఏ ఎత్తు నుంచి తిరుగుతాను అని. గ్లైడ్ స్పీడ్ వదలొద్దంటుంది. మరీ ఎక్కువగా బ్యాంక్ చేయొద్దంటుంది, అంటే పక్కకి వాల్చి తిప్పొద్దని. నేను చెప్పేది "సగం ఉంది కాబట్టి పర్లేదు" అనే ధీమా గురించి.

ఎడారి_ఇన్‌స్ట్రక్టర్

కుర్రాడికి లెక్క చూపిస్తా. ఎఫ్ఏఏ వాళ్ళ ఫ్లయింగ్ హ్యాండ్‌బుక్‌లో ఉన్నదే. 300 అడుగుల ఎత్తులో ఇంజిన్ పోయింది. ఏం జరిగిందో బుర్రకెక్కడానికి 4 సెకన్లు. సెకనుకి 3 డిగ్రీల చొప్పున తిప్పితే 180 డిగ్రీలకి ఒక నిమిషం. 65 నాట్ల మీద ఆ మలుపు వ్యాసార్ధం 2100 అడుగులు, అంటే తిరగడం పూర్తయ్యేసరికి రన్‌వేకి 4200 అడుగులు పక్కన ఉంటావు. రన్‌వే వైపు రావాలంటే ఇంకో 45 డిగ్రీలు తిప్పాలి. మొత్తం 79 సెకన్లు. నిమిషానికి 1000 అడుగుల చొప్పున దిగుతుంటే ఈలోపు 1316 అడుగులు పోతాయి. నీ దగ్గర ఉన్నవి 300.

"మరి ఇంకా టైట్‌గా తిప్పితే?" అంటారు అందరూ. 45 డిగ్రీల బ్యాంక్‌లో స్టాల్ స్పీడ్ 19 శాతం పెరుగుతుంది. 172ఎన్‌లో ఫ్లాప్స్ లేకుండా 50 నాట్లకి స్టాల్ అయ్యేది దాదాపు 60కి అవుతుంది. చేతిలో ఉన్నది 65. కింద ఇళ్ళు కనిపిస్తుంటే ఆ అయిదు నాట్లు కాపాడుకోవడం ఎంత కష్టమో మా స్టూడెంట్లకి 4000 అడుగుల పైన చూపిస్తుంటా.

పైగా మాది ఫీనిక్స్ పక్కన చాండ్లర్. ఎయిర్‌పోర్టు ఎత్తు 1240 అడుగుల చిల్లర, కానీ 42 డిగ్రీల ఎండలో డెన్సిటీ ఆల్టిట్యూడ్ (పల్చబడిన గాలి బట్టి విమానానికి అనిపించే ఎత్తు) 4800 దాకా పోతుంది. మంచి ఇంజిన్‌తోనే ఎక్కడం కష్టం. సగం ఇంజిన్‌తో ఎత్తు నిలబడుతుందన్న నమ్మకం అస్సలు పెట్టుకోకండి.

విచిటా_వెంకీ

ఇన్‌స్ట్రక్టర్ గారూ, ఆ లెక్క సెకనుకి 3 డిగ్రీల మలుపుది. అత్యవసరంలో అలా ఎవరు తిప్పుతారండీ? అదే ఎఫ్ఏఏ 2018లో ఇచ్చిన సలహా పత్రం 61-83జేలో, వెనక్కి తిరగడం ఎప్పుడు ఎలా చేయాలో ఇన్‌స్ట్రక్టర్లు నేర్పాలని కూడా ఉంది. "అసాధ్యం" అని పేరు పెట్టి నేర్పకుండా వదిలేస్తే, ఆ రోజు వచ్చినప్పుడు మనిషి నేర్చుకోని పనే చేస్తాడు. నేను మా ఇన్‌స్ట్రక్టర్‌తో పైన ఎత్తులో సాధన చేసి, నా విమానం, నా బరువు, నా చేతివాటం బట్టి నాకొక ఎత్తు రాసి పెట్టుకున్నా. దానికింద తిరగను. దానిపైన ఆలోచిస్తా.

ఎడారి_ఇన్‌స్ట్రక్టర్

మీ మాటతో నాకు తగాదా లేదు వెంకీ గారు. సాధన చేసి ఎత్తు తేల్చుకున్నవాళ్ళు వేరు. నా బాధ ఎప్పుడూ చేయకుండా మొదటిసారి 300 అడుగుల్లో ప్రయత్నించేవాళ్ళ గురించి. ఆ ఎత్తు కూడా ఎండాకాలానికి వేరు, వెనక ఇద్దరు కూర్చుంటే వేరు. నేలమీద ఉండగానే పైకి గట్టిగా చెప్పుకోవాలి. "ఇంత ఎత్తు లోపు ఎదురుగానే, అటూ ఇటూ 30 డిగ్రీల లోపే" అని.

బేగంపేట_పాతకాపు

నేను నేర్చుకున్నది బేగంపేటలో, పుష్పక్ మీద. హెచ్ఏఎల్ వాళ్ళు మన దేశంలోనే తయారుచేసిన బుల్లి విమానం, 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజిన్. పక్కపక్కనే ఇద్దరు కూర్చోవాలి, గుడ్డ చుట్టిన రెక్కలు.

09 రన్‌వే మీంచి లేస్తే ఎదురుగా అంతా సికింద్రాబాద్ ఇళ్ళే. మా ఇన్‌స్ట్రక్టర్ ప్రతి టేకాఫ్‌కి ముందు ఒకటే అడిగేవారు, "ఆగిపోతే ఎక్కడ పెడతావు?" అని. పరేడ్ గ్రౌండ్స్ అని చెప్పాలి. అక్కడేదైనా సభ జరుగుతుంటే ఇంకో చోటు చెప్పాలి. చెప్పలేకపోతే టాక్సీ చేసుకుంటూ వెనక్కి తీసుకెళ్ళిపోయేవారు, ఆ రోజుకి పాఠం లేదు. కోపంగా అనిపించేది అప్పట్లో. ఇప్పుడు మనవడి వయసు పిల్లలకి నేనూ అదే చెప్తున్నా. టేకాఫ్‌కి ముందే దిగే చోటు కళ్ళకి కట్టి ఉండాలి.

ఫ్రిస్కో బాబూ, నువ్వు రన్‌వే మొదట్నుంచీ లేచావు కాబట్టి ముందు చోటు మిగిలింది. టవర్ వాళ్ళు "మధ్యలోంచి వెళ్తారా, త్వరగా అవుతుంది" అంటే ఒప్పేసుకునేవాళ్ళని చూస్తుంటా. ఒప్పుకోకండి.

రెంచీ_బాబాయ్

పెద్దాయన మాట నూటికి నూరుపాళ్ళు.

మళ్ళీ ఇంజిన్ దగ్గరికి వద్దాం. 172ఎన్ అంటే ఓ-320-హెచ్2ఏడీ. దీంట్లో రెండు మాగ్నెటోలూ ఒకే డబ్బాలో ఉంటాయి, ఒకే షాఫ్ట్ మీద తిరుగుతాయి. మాగ్నెటోలు రెండున్నాయి కదా అని మరీ ధీమా పడొద్దు. వేడెక్కాక కాయిల్ చెడిపోయి, చల్లారాక మళ్ళీ బాగుపడటం చూశాను. కాకపోతే అప్పుడు ఒకటే పోతుంది, ఇంత వణుకు అరుదు.

ఎగ్జాస్ట్ వాల్వ్ గైడ్‌లో ఇరుక్కుపోవడం ఇంకో అనుమానం. లైకమింగ్ వాళ్ళ సర్వీస్ బులెటిన్ 388సీ ఆ గైడ్ల అరుగుదల చూడటానికే. సాధారణంగా పొద్దున స్టార్ట్‌లో గరగరతో ముందే చెప్తుంది. నీకు అది లేదన్నావు. కంప్రెషన్ బాగుంది కాబట్టి దీన్ని కొంచెం కిందికి జరుపుతా.

నాకు గట్టిగా తడుతున్నది ఇంకోటి ఉంది. ఎక్కువ పవర్‌లో వణుకు, థ్రాటిల్ తీయగానే సర్దుకోవడం, చల్లారాక నేలమీద పరీక్షకి దొరక్కపోవడం. మఫ్లర్ (సైలెన్సర్) లోపల చూశారా?

చెరోకీ_నాని

మఫ్లరా? దానికీ పవర్‌కీ ఏంటి సంబంధం బాబాయ్?

రెంచీ_బాబాయ్

చాలా ఉంది. 172 మఫ్లర్ లోపల చిల్లులున్న గొట్టం లాంటి బాఫిల్ ఒకటి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎర్రగా కాలి కాలి అది పెళుసై విరుగుతుంది. విరిగిన ముక్క లోపలే దొర్లుతూ ఉంటుంది. ఫుల్ పవర్‌లో పొగ తోపుడికి పోయి బయటికెళ్ళే దారికి అడ్డం పడిందనుకో, ఇంజిన్ ఊపిరి వదల్లేదు. వదల్లేకపోతే కొత్త గాలి పీల్చుకోలేదు. ఆర్‌పీఎం పడిపోతుంది. థ్రాటిల్ తీస్తే తోపుడు తగ్గి ముక్క పక్కకి దొర్లుతుంది, మళ్ళీ అంతా బాగున్నట్టే. కుక్కర్ విజిల్‌లో మెతుకు ఇరుక్కోవడం లాంటిదే ఇది, ఒకసారి అడ్డం పడుతుంది, ఒకసారి పడదు. నేలమీద పరీక్షలో ఆ ముక్క అడ్డం పడకపోతే 2330 నిక్షేపంగా వస్తుంది. ఆ ఇంజిన్‌కి పుస్తకంలో రాసిన స్టాటిక్ (నిలబెట్టి ఫుల్ థ్రాటిల్ ఇస్తే రావాల్సిన ఆర్‌పీఎం) 2280 నుంచి 2400, అంటే మీ మెకానిక్ అబద్ధం రాయలేదు. చూడాల్సిన చోట చూడలేదంతే.

హైవింగ్_లక్ష్మి

బాబాయ్ గారు మఫ్లర్ అనగానే ఒకటి అడగాలనిపించింది. ఈ విమానాల్లో క్యాబిన్ హీటర్ గాలి వేడెక్కేది ఆ మఫ్లర్ చుట్టూ ఉన్న రేకు తొడుగులోనే కదా. మఫ్లర్ పాతబడి పగుళ్ళిస్తే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా లోపలికి వస్తుంది. ఫ్రిస్కో గారూ, మీ విమానంలో సీఓ డిటెక్టర్ ఉందా? డిజిటల్ దా, లేక రంగు మారే చుక్క కాగితమా? ఈ చలికాలం హీటర్ వేసినప్పుడు ఎవరికైనా తలనొప్పిగా అనిపించిందా? పార్ట్‌నర్లందరినీ అడగండి.

ఇంకో మాట, శనివారం గురించి. మెకానిక్ సంతకం ఉంది కాబట్టి ఎగరొచ్చు అనుకోవడం కుదరదు. ఆ విమానం ఎగరదగ్గ స్థితిలో ఉందో లేదో తేల్చాల్సిన బాధ్యత పైలట్ ఇన్ కమాండ్‌దే అని 91.7 రూల్ చెప్తుంది. మీ పార్ట్‌నర్ గారు వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని వెళ్దామనుకుంటున్నారు. మొహమాటపడకుండా ఆపేయండి.

ఫ్రిస్కో_స్కైహాక్

లక్ష్మి గారూ, మీ మెసేజ్ చదివి హ్యాంగర్‌కి వెళ్ళి స్క్వాక్ షీట్ (విమానంలో కనిపించిన లోపాలు రాసే కాగితం) తీశాను. డిసెంబర్‌లో మా ఇంకో పార్ట్‌నర్ చేతిరాత ఉంది: "హీటర్ ఫుల్ వేస్తే సీఓ మీటర్ 20ల్లో చూపిస్తోంది, హీటర్ ఆపితే సున్నా. బ్యాటరీ మార్చాలేమో." ఆ కాగితం మెకానిక్‌కి చూపించలేదు, ఎందుకంటే పవర్‌కీ దానికీ ముడి ఉందని ఎవరికీ తట్టలేదు.

రేపు పొద్దున మెకానిక్‌తో మాట్లాడతాను. అప్పటిదాకా కంట్రోల్ లాక్ పెట్టి, తాళాలు నా దగ్గరే పెట్టుకున్నా.

విచిటా_వెంకీ

బ్యాటరీ కాదు అది!! మఫ్లర్ ఎప్పుడు మార్చారో లాగ్‌బుక్కులో ఉంటుంది, చూడండి.

రెంచీ_బాబాయ్

హీటర్ వేస్తేనే వస్తోందంటే ఆ తొడుగు లోపల లీకు ఉన్నట్టే. ఫ్రిస్కో, మెకానిక్‌ని గౌరవంగానే అడుగు, తగాదా పెట్టుకోకు. మూడు పనులు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రబ్బరు సుత్తితో మఫ్లర్ మీద మెల్లగా తట్టి లోపల ఏదైనా గలగలలాడుతోందా వినమను. టెయిల్ పైపులోంచి బోరోస్కోప్ పెట్టి చూడమను. తొడుగు మొత్తం విప్పి అతుకుల దగ్గర తెల్లటి, బూడిదరంగు మరకలు ఉన్నాయేమో చూడమను. అక్కడే పొగ తప్పించుకుంటుంది.

పార్ట్‌నర్ ఒత్తిడి చేస్తే నా పేరు చెప్పు.

సీపీఎల్_కుర్రాడు

ఈ థ్రెడ్ మొత్తం మా హాస్టల్ గ్రూపులో పెట్టాను. మా వాళ్ళందరికీ "మఫ్లర్" కొత్తే. ఇక్కడ ఇలాంటిది జరిగితే స్కూల్ వాళ్ళు డీజీసీఏకి (మన విమానయాన నియంత్రణ సంస్థకి) చెప్పాల్సి వస్తుంది. అమెరికాలో ప్రైవేటు ఓనర్ ఎవరికైనా రిపోర్ట్ చేయాలా?

హైవింగ్_లక్ష్మి

ఎవరికీ దెబ్బ తగలకుండా, విమానం పాడవకుండా దిగితే, పిస్టన్ ఇంజిన్ పవర్ తగ్గడం ఒక్కటే అయితే ఎన్‌టీఎస్‌బీకి (అమెరికాలో ప్రమాదాల దర్యాప్తు చూసే సంస్థకి) వెంటనే చెప్పాల్సిన జాబితాలో లేదు. కానీ నాసా నడిపే ఏఎస్ఆర్‌ఎస్‌కి (భద్రతా ఘటనలు సేకరించే విభాగానికి) స్వచ్ఛందంగా రాయొచ్చు. పేర్లు తీసేసి పెడతారు, మిగతా పైలట్లు చదువుకుంటారు. ఫ్రిస్కో గారు రాస్తే బాగుంటుంది. పది రోజుల లోపు పంపితే మంచిది, ఒకవేళ ఏదైనా నిబంధన తేడా వచ్చినా దానివల్ల కొంత రక్షణ ఉంటుంది.

ఫ్రిస్కో_స్కైహాక్

అప్‌డేట్. మెకానిక్ మంచివాడే, చిన్నబుచ్చుకోలేదు. నా ముందే సుత్తితో తట్టాడు. మొదటి దెబ్బకే లోపల గలగల. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

టెయిల్ పైపులోంచి కెమెరా పెడితే బాఫిల్ దాదాపు సగం లేదు. అరచేతి సగమంత రేకు ముక్క ఒకటి, అంచులు కాలి నల్లగా, అలల్లా వంకర తిరిగి అడుగున పడుకుని ఉంది. బయటికెళ్ళే గొట్టం నోటి దగ్గర అది రాసుకున్న గీతలు కొత్తగా, తళతళలాడుతూ కనిపిస్తున్నాయి. అంటే అక్కడిదాకా వచ్చి వెళ్ళిందన్నమాట. తొడుగు విప్పాక అతుకు దగ్గర వేలెడు పొడుగున పగులు, చుట్టూ తెల్లటి మరక. లక్ష్మి గారు, బాబాయ్ చెప్పింది అక్షరాలా అదే.

ఆస్టిన్ వెళ్ళాలనుకున్న పార్ట్‌నర్‌ని హ్యాంగర్‌కి పిలిచి ఆ ముక్క చేతిలో పెట్టాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "కారులో వెళ్తాం" అన్నారు. సీఓ మీటర్ గురించి రాసిన ఆయనకి నలుగురం కలిసి భోజనం పెట్టించబోతున్నాం. బ్యాటరీ అనుకున్నా సరే, కాగితం మీద పెట్టాడు కాబట్టే దొరికింది.

చెరోకీ_నాని

నేను ఎగురుతా అన్నాను. ఎగిరేవాణ్ణే. బాబాయ్‌కి దండం. రేపే నా చెరోకీకి (నా విమానానికి) కూడా తట్టి చూపిస్తా, దానికీ ఇలాంటి మఫ్లరే.

రెంచీ_బాబాయ్

చెరోకీల్లో కూడా విరుగుతాయి. తప్పకుండా చూడు. యాన్యువల్‌లో (ఏటా చేసే తనిఖీలో) తొడుగు విప్పి చూడమని అడగండి అందరూ, విప్పకుండా పైపైన చూస్తే పగులు కనపడదు.

ఫ్రిస్కో, ఆ ముక్క పూర్తిగా ఒకటేనా, ఇంకా చిన్నవి ఉన్నాయా చూడమను. అలాగే బాఫిల్ విరిగినప్పట్నుంచి నడిచిన గంటల్లో ఎగ్జాస్ట్ వాల్వులు ఎక్కువ వేడి తిని ఉంటాయి. బోరోస్కోప్ ఎలాగూ బయటికి తీశాడు కదా, నాలుగు సిలిండర్లలోకీ పెట్టి వాల్వుల మొహాలు చూడమను.

బేగంపేట_పాతకాపు

బావమరిదికి ఏం చెప్పావు బాబూ?

ఫ్రిస్కో_స్కైహాక్

మొత్తం చెప్పేశాను. ఫోటోలు కూడా పంపాను. మా ఆవిడకి ముందు నేను చెప్దామనుకుంటే వాడే ఫోన్ చేసి అక్కకి చెప్పేశాడు. ఇంట్లో ఒక పూట గట్టిగానే నడిచింది. కొత్త మఫ్లర్ వచ్చాక, టెస్ట్ ఫ్లైట్ అయ్యాక, మెకానిక్ వచ్చి తనకి ఎదురుగా వివరిస్తేనే పిల్లల్ని ఎక్కించాలని షరతు పెట్టింది. న్యాయమే అనిపించింది, ఒప్పుకున్నాను.

బాబాయ్, వాల్వులు చూశాడు, బాగానే ఉన్నాయి. చిన్న ముక్కలు రెండు దొరికాయి, మఫ్లర్‌లోనే ఉన్నాయి.

ఎడారి_ఇన్‌స్ట్రక్టర్

టెస్ట్ ఫ్లైట్‌కి మీరొక్కరే వెళ్ళండి, ప్యాసింజర్లు వద్దు. రన్‌వే మొదట్నుంచే లేవండి, గాలి నిలకడగా ఉన్న పొద్దున చూసుకోండి. పరుగులో సగం దూరంలోపు ఆర్‌పీఎం, స్పీడ్ ఆశించినంత రాకపోతే అక్కడే థ్రాటిల్ లాగేయండి. లేచాక ఎక్కడికీ వెళ్ళకుండా ఎయిర్‌పోర్టు పైనే తిరుగుతూ 3000 అడుగుల పైకి ఎక్కి అరగంట ఉండండి. అక్కడ్నుంచి ఏం జరిగినా గ్లైడ్ చేసి దిగిపోవచ్చు. 172 వెయ్యి అడుగుల ఎత్తుకి మైలున్నర దాకా జారుతుంది. ఇంజిన్ ఆగితే ఫ్లాప్స్ లేకుండా 65, ఫ్లాప్స్‌తో 60. ఈ రెండు అంకెలు మోకాలి బోర్డు మీద పెద్దగా రాసుకోండి.

మెల్‌బోర్న్_మబ్బు

టేకాఫ్ బ్రీఫింగ్‌లో "పూర్తిగా ఆగితే", "సగం పోతే" అని రెండూ విడివిడిగా చెప్పుకోండి. మా క్లబ్బులో ఇప్పుడు అందరం అలాగే చెప్తున్నాం.

సీపీఎల్_కుర్రాడు

ఇవాళ మా సార్‌తో టేకాఫ్‌కి ముందు "సగం పవర్ పోతే ఏం చేస్తానంటే" అని మొదలెట్టాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఇది ఎవరు నేర్పారు?" అన్నారు. మీ అందరి పేర్లూ చెప్పాను. ఇక ప్రతి సార్టీలో (ఎగిరిన ప్రతిసారీ) చెప్పమన్నారు.

విచిటా_వెంకీ

ఫ్రిస్కో గారూ, కొత్త మఫ్లర్ ఎప్పుడొస్తోంది? రిపేర్ చేసినదా, కొత్తదా? మాదీ 70ల నాటి 172నే, లాగ్‌బుక్కులో ఎంత వెనక్కి తిప్పినా మఫ్లర్ మార్చిన ఎంట్రీ కనపడట్లేదు.

ఫ్రిస్కో_స్కైహాక్

రిపేర్ చేసిన ఎక్స్‌చేంజ్‌ది తీసుకుందామన్నారు ముందు, చివరికి నలుగురం ఒప్పుకుని కొత్తదే ఆర్డర్ పెట్టాం. వచ్చే వారం అని చెప్పారు. వెంకీ గారూ, ఎంట్రీ లేకపోతే ఇక ఆలోచించకండి, రేపే కౌలింగ్ విప్పించండి. ఏం కనిపించిందో ఇక్కడ రాయండి.